ఛార్జి చేస్తాంటి

మా అన్న తన బామ్మర్దిని చంపలేదు. చంపినట్టు రాశారు. రాసి, కింద వేలిముద్ర వేయించుకుని, ఆ కాగితం పట్టుకుని ఆయన్ను ఆరు నెలలు జైల్లో పెట్టారు. ఆ రాతలో తప్పు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. దాన్ని దిద్దమని ఏడేళ్ళు తిరిగాను. ఇందులో పెంచి చెప్పేది ఏమీ లేదు. తగ్గించి చెప్పే ఉద్దేశమూ లేదు.

మాది ఆళ్ళగడ్డకు రెండు కోసుల దూరంలో ఒక పల్లె. మా నాయన బండి తోలేవాడు. ఊళ్ళో పండిన జొన్నలూ శనగలూ నంద్యాలకు వేసుకుపోయి, వచ్చేటప్పుడు ఉప్పూ కిరసనాయిలూ తెచ్చేవాడు. నేను అయిదో తరగతితో బడి మానేశాను. అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద, బడి మొహమే చూడలేదు. కర్నూలు రాజధాని అయిన ఏడు, యాభై మూడు ఎండాకాలంలో, మా ఊరి పడమటి గుట్ట మీద ఒక కంట్రాక్టరు రోడ్డు కంకర కోసం రాళ్ళు పగలగొట్టించడం మొదలుపెట్టాడు. ఊళ్ళో మగవాళ్ళు సగంమంది ఆ గుట్టెక్కారు. నేను తట్ట మోసేవాణ్ణి. అన్నది మందు పని.

రాతిలో సమ్మెటతో కొట్టి మూరెడు లోతు బెజ్జం వేస్తారు. అందులో నల్లమందు పోసి, వత్తి పెట్టి, పైన మట్టి కూరి గట్టిగా దట్టిస్తారు. ఆ తర్వాత వత్తి అంటించి పరిగెత్తాలి. మందు పోసి దట్టించే ఈ పనిని కంట్రాక్టరు వెంట వచ్చిన మనుషులు ‘ఛార్జి చేయడం’ అనేవాళ్ళు. మాకు అప్పటిదాకా ఛార్జి అంటే బస్సులో కండక్టరుకు ఇచ్చేదే. నెల తిరక్కుండా ఆ గుట్ట మాట ఊరంతా పాకింది. మా వదిన కూటి దగ్గర కూడా వదిలేది కాదు.

“ఇంగొక ముద్ద ఛార్జి జెయ్యనా?” అనేది సంగటి గిన్నె పట్టుకుని.

“జెయ్యి. వత్తి మాత్రం పెట్టొద్దు,” అనేవాడు అన్న.

వదిన తమ్ముడు కూడా మా ఇంట్లోనే ఉండి గుట్టకు వచ్చేవాడు. ఇరవై ఏళ్ళవాడు. పెళ్ళి కుదిరింది, కార్తీకంలో అనుకున్నారు. బావ ఎక్కడుంటే వాడు అక్కడ.

గుట్ట మీద పెత్తనమంతా మేస్త్రిది. ఎక్కడ బెజ్జం వేయాలో, ఎంత మందు పోయాలో, ఎవరి చేతికి ఏది ఇవ్వాలో ఆయనే చెప్పాలి. మందు దట్టించడానికి కొయ్యకడ్డీ తప్ప వాడకూడదు. ఇనుము రాతికి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. మందు పనికి పెట్టుకున్న మొదటి రోజే ఈ మాట చెబుతారు. ఆ కొయ్యకడ్డీ ముందురోజు విరిగింది. మేస్త్రి కొత్తది చేయించలేదు. పొద్దున్నే ఒక గడ్డపార తెచ్చి అన్న కాళ్ళ ముందు పడేశాడు. నేను పది బారల దూరంలో తట్ట నింపుకుంటున్నాను. ప్రతి మాటా విన్నాను.

“ఇనుపదానితో కూరితే రవ్వ లేస్తాదన్నా,” అన్నాడు మా అన్న.

“లేస్తాదో లేదో నాకు తెల్దా? నిదానంగా కూరు.”

“కొయ్యది చెక్కుకోనొస్తా. గడియ పట్టదు.”

“ఆ గడియలో లారీ వచ్చి నిలబడుకుంటాది. చేస్తే చెయ్, లేకుంటే గుట్ట దిగిపో. నీ జాగాలోకి పదిమంది వస్తారు.”

అన్న కదల్లేదు. వదిన తమ్ముడు నవ్వుతూ వచ్చి గడ్డపార ఎత్తుకున్నాడు.

“బావకు భయమైతాంది. నువ్వు మందు పొయ్యి బావా, నేను కూరుతా.”

అన్న మందు పోశాడు. వాడు మూడు పోట్లు పొడిచాడు. మూడోది నాకు వినబడలేదు.

శబ్దం కంటే ముందు నేల వచ్చి నా కాళ్ళను కొట్టింది. కళ్ళు తెరిచేసరికి నా చేతిలో తట్ట లేదు. గడ్డపార పోయిన దారినే వెనక్కి లేచి, వాని గడ్డం కింద దిగి, చెవి పక్కన బయటికొచ్చి, అవతల రాళ్ళ మీద పడి ఉంది. వాడు వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంటున్నాడు. అన్న మోకాళ్ళ మీద పాకుతూ వాని దగ్గరికి చేరాడు. మొహం మాడి నల్లగా ఉంది. ఎడమ కన్ను ఉండవలసిన చోట నెత్తురు కారే గుంట. కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం మిగిలాయి. ఆ రెండు వేళ్ళతో వాని దవడను పైకెత్తి అతికించాలని చూస్తున్నాడు. జారిపోతుంది, మళ్ళీ ఎత్తుతాడు. నేను పోయి చెయ్యి పట్టుకుంటే తిరిగి నన్ను కొట్టాడు. వాని కాళ్ళు ఆగిపోయాక కూడా ఆ దవడను వదల్లేదు.

మేస్త్రి గుట్ట దిగి పరిగెత్తాడు. సాయం పిలవడానికి అనుకున్నాను. పోతూ పోతూ గడ్డపారను వెంట తీసుకుపోయాడు. సాయంత్రానికి ఆ చోట ఒక కొత్త కొయ్యకడ్డీ పడి ఉందని మా ఊరివాళ్ళు చెప్పారు. దానికి మందు మసి కూడా అంటలేదట.

అన్నను కంకర లారీలోనే నంద్యాల ఆసుపత్రికి చేర్చాము. కంకర మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టాము. దారి పొడుగునా లారీ ఎగిరినప్పుడల్లా ఆయన “వాడు యాడ?” అని అడిగేవాడు.

నాలుగో రోజు కంట్రాక్టరు గుమాస్తా కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషు చదివినవాడు, మా వైపు మనిషి కాదు. గుట్ట మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు, నంద్యాల ఆఫీసులో కూర్చుని రాసుకునేవాడు. వెంట మేస్త్రి ఉన్నాడు. గుమాస్తా తెలుగులో అడిగాడు, ఇంగ్లీషులో రాసుకున్నాడు.

“అది పేలినప్పుడు నువ్వేం చేస్తున్నావయ్యా?”

“ఛార్జి చేస్తాంటి సార్.”

“ఛార్జి నీదేనా?”

“నాదే. ఇంగెవురు జేస్తారు? పని పెట్టినప్పట్నుంచి నేనే జేస్తాండా.”

గుమాస్తా తలెత్తి మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవి సందున బీడీ ఉంది. కాదని అనలేదు, ఔననీ అనలేదు. గుమాస్తా మళ్ళీ తల దించుకుని రాశాడు. అన్న కుడిచేయి కట్లలో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. ఆ వేలు పట్టుకుని కాగితం మీద ఒత్తింది నేనే.

ఆ కాగితాన్ని కంట్రాక్టరు పోలీసులకు ఇచ్చాడు. అందులో ఏముందో మూడు వారాల తర్వాత వాళ్ళు చదివి చెబితే తెలిసింది. ‘ఆ సమయమున ఆ పనికి ఇన్‌ఛార్జిని నేనే. పని మొదలైన నాటి నుండి నేనే ఇన్‌ఛార్జిని’ అని ఉంది. మందు పోసినవాడు పని మొత్తానికి బాధ్యుడైపోయాడు. ఇనుము ఇచ్చినవాడు ఆ కాగితంలో ఎక్కడా లేడు. ఆసుపత్రివాళ్ళు డిశ్చార్జి చేసిన వారంలోనే ఛార్జిషీటు వచ్చింది, నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమయ్యాడని.

కాగితం కంటే ముందు దాని కబురు, లేని మాటలు కూడా కలుపుకుని, వదిన పుట్టింటికి చేరింది. ఎవరు చేరవేశారో ఊహించుకోవడం కష్టం కాదు. వదిన తమ్ముని శవం వెంట పోయి అక్కడే ఉంది. అన్న కట్లతోనే, నా భుజం పట్టుకుని, ఆ ఊరికి నడిచాడు. ఎట్లయినా వాళ్ళ కాళ్ళ మీద పడి ఏడవాలని ఆయన కోరిక. వీధి మొగదలలోనే మామ, మామ పెద్దకొడుకు ఎదురొచ్చారు. పెద్దకొడుకు చేతిలో బండి గుంజ ఉంది.

“ఇన్‌ఛార్జివంట గదరా,” అన్నాడు. “నా తమ్మునికి ఇనుము ఇచ్చింది నువ్వేనంట గదా. నువ్వే కాయితంలో చెప్పినావంట.”

“నేను ఛార్జి చేస్తాంటి…” అన్నాడు మా అన్న.

అంతకంటే మాట్లాడనివ్వలేదు. మొదటి దెబ్బ కట్టు కట్టిన చేతి మీదే వేశాడు. కట్టులోంచి నెత్తురు చిమ్మి నా మొహం మీద పడింది. అన్న అరవలేదు, చేయి చాచి ఇంకో దెబ్బకు అట్లాగే పెట్టాడు. నేను అడ్డం పోతే నా భుజం ఎముక పెళుక్కుమంది. మామ ముసలివాడు, కొట్టడానికి బలం లేక అన్న జుట్టు పట్టుకుని తలను గోడకేసి మోదుతున్నాడు, ఏడుస్తూ మోదుతున్నాడు. ఇరుగుపొరుగు చూస్తూ నిలబడ్డారు. వదిన గడపలో ఉంది. ఆమె కళ్ళలో చుక్క నీళ్ళు లేవు.

“ఈడ సంపొద్దు నాయనా. మన వాకిట్లో వద్దు,” అంది.

దాన్ని దయ అనాలో మరొకటి అనాలో నాకు ఈనాటికీ తెలియదు. వాళ్ళు ఆగింది మాత్రం ఆ మాటకే.

కోర్టులో ఆ వాంగ్మూలం చదివి వినిపించి, “ఇది నీదేనా? ఆ రోజు ఇన్‌ఛార్జివి నువ్వేనా?” అని అడిగారు.

“నేనే సామీ. ఛార్జి నేనే చేస్తాంటి,” అన్నాడు మా అన్న.

ఆయన చెవికి తనకు తెలిసిన మాటే వినబడింది. ముందున్న ‘ఇన్’ ఇంగ్లీషువాళ్ళు మర్యాదకు పెట్టుకునేదేదో అనుకున్నాడట. నేను వెనకనుంచి “ఇనుము ఇచ్చింది మేస్త్రి” అని అరిచాను. బంట్రోతు నా విరిగిన భుజమే పట్టుకుని బయటికి తోశాడు. మాకు ప్లీడరు లేడు. ఉన్నా ఏం జరిగేదో. తన నోటితో తానే రెండుసార్లు ఒప్పుకున్నవాణ్ణి ఎవరు వదులుతారు?

ఆరు నెలల తర్వాత జైలు నుంచి వచ్చినప్పుడు ఆయనకు ముందుపళ్ళు రెండు లేవు. ఎవరు కొట్టారని అడిగితే, “ఆడ ఎవురు కొట్టేది ఎవురికి తెలుస్తాదిరా. ఒంటికన్ను కదా, ఒకపక్క నుంచి వచ్చేది కనపడదు,” అన్నాడు.

వదినను పంపమని అడగడానికి నేనొక్కణ్ణే పోయాను. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి కొట్టలేదు. కూర్చోమనీ అనలేదు.

“నువ్వు చెప్పేది నువ్వు చెప్తాండావు. కాయితం చెప్పేది కాయితం చెప్తాంది,” అన్నాడు. “దాన్ని దిద్దిచ్చుకోని రా. ఆ పొద్దు నా బిడ్డను నేనే తీసుకొచ్చి మీ ఇంట్లో దిగబెడ్తా.”

లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది. “అబ్బీ, నా తమ్ముడు సచ్చినాడు. దానికి ఎవురో ఒకరు బాధ్యులు గదా. మీ యన్న గాదంటే ఆ ఎవురనేది రాయించుకోని రా. ఊరికే గాదు గాదంటే నేను ఎట్ల వచ్చి ఆయనకు కూడు పెట్టేది?”

నాకు మండిపోయింది. కానీ ఆమె అడిగినదాంట్లో అన్యాయం లేదు. ఆ అరుగు దిగేటప్పుడే అనుకున్నాను, ఆ మాట మెడ వంచి తెచ్చి ఈ గడపలో పడేస్తానని.

నంద్యాలలో ఒక పత్తి మిల్లులో బోరాలు మోసే పనికి కుదిరాను. ఆ వీధిలో రిటైరైన క్రైస్తవ మాస్టారు ఒకరుండేవారు. ఆయనకు కట్టెలు కొట్టి పెడతాను, నాకు ఇంగ్లీషు నేర్పమని అడిగాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు.

“ఈ వయసులో ఇంగ్లీషు ఎందుకు నాయనా?”

“ఒక్క మాట కోసం సారూ.”

“ఒక్క మాటకైతే కట్టెలెందుకు, ఇప్పుడే చెబుతాను.”

“మీరు చెబితే మీకు తెలిసినట్టయితాది. నాకు తెలియాల.”

గట్టిగా నవ్వి లోపలికి రమ్మన్నారు. రోజూ పని దిగాక ఒక మోపు కట్టెలు చీల్చి, ఆయన ముందు కూర్చునేవాణ్ణి. ప్రతి మొద్దునూ మేస్త్రి తల అనుకుని కొట్టేవాణ్ణి. సారు కట్టెలు మరీ సన్నగా చీలుతున్నాయని అనేవారు. అక్షరాలు, మాటలు, వాక్యాలు వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పుడు ఆయన అట్టలూడిపోయిన పెద్ద డిక్షనరీని నా ఒళ్ళో పెట్టి, “ఇక నీ మాట నువ్వే వెతుక్కో,” అన్నారు.

పేజీన్నర ఉంది. ఒక్క మాటకు పేజీన్నర. తెల్లవాడు దేశం విడిచి పోయాడు గానీ, వాని క్రియ ఒకటి మా ఇంట్లో జొరబడి ఇంత పని చేసింది. వేలు పెట్టి, చెమట కారుతుంటే, ఒక్కొక్క వరుసే చదివాను. దాని పుట్టుక బండిలో ఉంది. లాటిన్ భాషలో కర్రస్ అంటే బండి. మన కర్రకూ దానికీ చుట్టరికమేమన్నా ఉందా అని అడిగితే సారు లేదన్నారు. ఇంగ్లీషులో బండిని కార్ట్ అంటారు కదా, పోనీ అదన్నా దీని తోబుట్టువా అంటే, అదీ కాదు, వేరే దారిన వచ్చిందన్నారు. నాకు రెండింటికీ బాధ కలిగింది. ఆ కర్రస్ నుంచి బండికి బరువెత్తడం అనే మాట పుట్టింది. అది ఫ్రెంచివాళ్ళ నోటబడి ఇంగ్లీషుకు వచ్చింది. అసలు అర్థం అంతే. మా నాయన బతుకంతా చేసిన పని.

తర్వాత ఆ బరువును ఎక్కడ పడితే అక్కడ ఎత్తడం నేర్చుకున్నారు. తుపాకీలో మందు దట్టిస్తే అదే మాట. రాతి బెజ్జంలో దట్టించినా అదే, డిక్షనరీలో ఉంది, మా గుట్టమీది మాట తప్పు కాదు. మనిషి నెత్తిన పని పెడితే అదే. నేరం పెట్టినా అదే. సరుకు మీద వెల పెట్టినా అదే. ఆయుధం సిద్ధం చేసుకుని మనిషి మీదికి దూకినా అదే. దించితే డిశ్చార్జి. నేను అర్థం చేసుకున్నది ఇది. అన్నింటిలోనూ ఎత్తేవాడొకడు ఉంటాడు, మోసేది ఒకటి ఉంటుంది. ‘ఛార్జి చేస్తాంటి’ అన్నప్పుడు మా అన్న ఎత్తేవాడు, మోసేది రాయి. ‘ఇన్‌ఛార్జి’ అని రాసినప్పుడు మోసేవాడు మా అన్న. బండి ఒకటే, గుమాస్తా మనిషిని దించి కాడి కింద కట్టాడు.

ఇదంతా సారుకు చెప్పాను. “బాగా పట్టుకున్నావు నాయనా. కానీ అర్జీలో ఇదేమీ రాయొద్దు. మందు పోశానన్నాడు, పెత్తనం నాదన్నట్టు రాశారు, దిద్దండి అని రెండు వాక్యాలు రాయి. మాట పుట్టుకతో వాళ్ళకు పని లేదు,” అన్నారు.

తల ఊపాను.

అర్జీ కంటే ముందు గుమాస్తా దొరికాడు. యాభై ఆరులో, నంద్యాల రైల్వేస్టేషను దగ్గర హోటల్లో ఒక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన చొక్కా పట్టుకుని లేపాను.

“చొక్కా వదలవయ్యా. ఎవరు నువ్వు?”

“మందు కూరేదాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?”

“నాకేం తెలుసు? పిచ్చివాడివా?”

కాఫీ లోటా లాక్కుని ఆయన నోటి మీద కొట్టాను. పన్ను విరిగి బల్ల మీద పడింది. కాఫీ, నెత్తురు కలిసి ఆయన తెల్లచొక్కా మీద కారాయి. ఇంకొకటి కొట్టాను. మూడోదానికి చేయి ఎత్తినప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టాడు. మంచం పక్కన కూర్చున్న తమ్ముడివా అన్నాడు. ఔనన్నాను. డిక్షనరీలోంచి నేను రాసుకున్న కాగితం తీసి ఆయన మొహానికి అదిమాను. చదివాడు. నోరు తుడుచుకుంటూ చదివాడు.

“దేవుడి మీద ప్రమాణంగా నాకు తెలియదయ్యా,” అన్నాడు. “ఛార్జి నాదే అన్నాడు, బాధ్యత ఆయనదే అనుకున్నాను. తప్పయితే మేస్త్రి చెప్పడా? పక్కనే ఉన్నాడు కదా.”

“ఆ మాటే రాసియ్యి.”

“రాస్తాను. ముందు నన్ను వదులు.”

వదిలాను. కాగితం కోసం హోటలువాని గల్లా వైపు తిరిగాను. ఈలోగా ఎవరో పిలిచిన పోలీసులు ఇద్దరు లోపలికి వచ్చారు. వాళ్ళను చూడగానే గుమాస్తాకు ప్రాణం లేచి వచ్చింది. “ఇతను నన్ను చంపబోయాడు,” అన్నాడు. ఛార్జి మాటకున్న ఇంకొక అర్థం, లాఠీ ఛార్జి, అప్పుడు వీపు మీద చదువుకున్నాను. వీపు మీద, మోకాళ్ళ మీద, పిక్కల మీద లాఠీలు పడ్డాయి. హోటలు గడప నుంచి వీధి మధ్యదాకా జుట్టు పట్టి ఈడ్చారు. తెల్లారి వదిలేసేసరికి గుమాస్తా ఊరు మారాడు. మళ్ళీ కనబడలేదు. కొట్టకుండా ఉండవలసిందని సారు అన్నారు. నాకు ఇప్పటికీ అట్లా అనిపించదు. మేస్త్రి అసలు దొరకనే లేదు. దొరికి ఉంటే ఇంకో పద్ధతిలో జరిగేది.

అర్జీ రాయడానికి కూర్చున్నాను. రెండు వాక్యాలు రాశాను. చూసుకుంటే అవి చాలా బీదగా కనబడ్డాయి. ఏడాదిన్నర కట్టెలు కొట్టి నేర్చుకున్నది, వీపు పగిలి నేర్చుకున్నది రెండు వాక్యాల్లో పెట్టి పంపాలా? తట్ట మోసేవాడి అర్జీ అని పక్కన పడేస్తారు, తెలిసినవాడు రాశాడని తెలియాలి అనుకున్నాను. లాటిన్ రాశాను. ఫ్రెంచి రాశాను. రెండో పేజీ అంతా ఆ మాట పుట్టుకే. ఆరు పేజీలయింది. సారుకు చూపించకుండా కర్నూలులోని సర్కారు ఆఫీసుకు పంపాను.

అప్పుడు కర్నూలులో ఆఫీసులు గుడారాల్లో ఉండేవి. ఆ ఏడు చివర రాజధాని హైదరాబాదుకు పోయింది, నా అర్జీ కూడా కట్టల్లో పోయింది. జ్ఞాపకం చేస్తూ ఏటా రెండు జాబులు రాశాను. కొన్నిటికి అందినట్టు కార్డు వచ్చేది, కొన్నిటికి అదీ లేదు. వదిన ఆళ్ళగడ్డ సంతకు వచ్చేవాళ్ళ చేత అడిగించేది. “కాయితం వచ్చిందా అని అడగమనింది,” అనేవాళ్ళు. ఇంకా రాలేదని చెప్పి పంపేవాణ్ణి. ఇంట్లో మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే వదిన తన అన్నతో తగువు పడి బావిలో దూకబోయిందని కూడా విన్నాను.

అన్న ఆ రెండు వేళ్ళతో తాళ్ళు పేనడం నేర్చుకున్నాడు. ఛార్జి అనే మాట మళ్ళీ పలకలేదు. బస్సెక్కితే కండక్టరును “టికెట్టు ఎంతప్పా?” అని అడిగేవాడు. ఒకరోజు తింటున్నప్పుడు నేను నేర్చుకున్నదంతా, బండి దగ్గర్నుంచి, చెప్పుకొచ్చాను. విన్నాడు.

“అదంతా సరేరా. మందు పోసింది నేనే గదా. నేను పొయ్యకుంటే వాడు కూరేటోడే గాదు,” అన్నాడు.

పళ్ళెం తీసి గోడకేసి కొట్టాను. దాని అంచు తగిలి ఆయన కనుబొమ చిట్లింది. ఆయన తడుముకుని, వేలికంటిన నెత్తురు చూసుకుని, “దీనికి కాయితం రాయించొద్దులే,” అన్నాడు. అంత కోపం నాకు మామ మీద రాలేదు, గుమాస్తా మీద రాలేదు. ఊరంతా అన్న నెత్తిన పెట్టినదాన్ని దించాలని నేను తిరుగుతుంటే, ఆయన దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

అరవైలో జవాబు వచ్చింది. ఆ తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. వదిన రాలేదు. పుట్టింట్లోనే ముసలిదై, అక్కడే పోయింది. ఆమె పోయిన మూడేళ్ళకు అన్న పోయాడు. ఆ గుట్ట ఇప్పుడు లేదు, మొత్తం పగలగొట్టి రోడ్ల మీద పోశారు.

జవాబు ఇంగ్లీషులో ఉంది. ఆళ్ళగడ్డ పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, ఎవరి సాయమూ లేకుండా నేనే చదువుకున్నాను. మాట మార్చకుండా తెలుగులో పెడుతున్నాను.

“మీ అర్జీని, దాని మీద మీరు పంపిన జాబులను శ్రద్ధగా పరిశీలించడమైనది. ‘ఛార్జి చేయుట’, ‘ఇన్‌ఛార్జిగా ఉండుట’ అను రెంటికిని మూలము ఒక్కటేనని మీరే మీ అర్జీ రెండవ పేజీలో సవివరముగా నిరూపించియున్నారు. కాబట్టి మీ అన్నగారు చెప్పినదానికిని, వాంగ్మూలములో వ్రాసినదానికిని భేదమేమియు కనబడలేదు. అందు దిద్దవలసిన తప్పు లేదని తెలియజేయడమైనది. ఈ విషయమై ఇకపై ఉత్తర ప్రత్యుత్తరములు జరుపబడవు.”